మరకలక్క ఉతికిన ఇంజను

మరకలక్కకి కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటి ఉంది. అది బ్యాంకు పుస్తకంలో సంతకానికి తప్ప ఇంకెందుకూ పనికిరాదు. లాండ్రీకి బట్టలు తెచ్చేవాళ్ళకీ, ఆస్పత్రి గేటు దగ్గర కాపలావాడికీ, సబ్బుపొడి అమ్మేవాడికీ ఆవిడ మరకలక్కే. గుడ్డ తెచ్చి బల్ల మీద పెట్టి ఎవరైనా నోరు తెరవబోతే, "ఆగండాగండి, చెప్పకండి" అని చెయ్యి అడ్డం పెట్టేది. మరకని ముక్కు దగ్గర పెట్టుకుని ఓసారి వాసన చూసి, గోటితో గీరి, వేలు తడిచేసి రుద్ది, "ఇది టీ కాదు, దగ్గుమందు. పిల్లాడు మింగకుండా ఉమ్మేశాడు, అవునా?" అనేది. అవతలివాళ్ళు నోరెళ్ళబెట్టాల్సిందే. ఒకసారి ఒక పెద్దమనిషి భార్యతో సహా వచ్చి చొక్కా కాలరు మీద సిరా పడిందని ఇస్తే, "సిరా ఎక్కడిదండీ, ఇది జుట్టుకేసే రంగు!" అని అందరూ వినేలా చెప్పేసింది. ఆయన మళ్ళీ ఆ గడప తొక్కితే ఒట్టు.

ఇరవై రెండేళ్ళ క్రితం రెండు బకెట్లతో మొదలుపెట్టిన పని అది. ఇప్పుడు రెండు పెద్ద డ్రమ్ము యంత్రాలున్నాయి. రెండు ఆస్పత్రుల దుప్పట్లూ, ఒక లాడ్జి తువ్వాళ్ళూ రోజూ వస్తాయి, రోజూ పోతాయి. నెత్తురు మరకకి వేడినీళ్ళు తగిలించావో అది చచ్చినా పోదనీ, నూనె మరకకి సబ్బు కంటే ముందు పౌడరు చల్లాలనీ ఆవిడకి ఎవరూ నేర్పలేదు. చేతులు పాడుచేసుకుని నేర్చుకుంది. సబ్బుపొడిలో నాలుగు చుక్కలు నిమ్మనూనె కలపడం కూడా ఆవిడ సొంత తెలివే. "మా దుప్పటి ముక్కుకి తగిలితేనే రోగి సగం లేచి కూర్చుంటాడు" అనేది. కాస్త ఎక్కువే అనుకోండి, కానీ కష్టపడినవాళ్ళు ఆ మాత్రం గొప్పలు చెప్పుకోకపోతే ఎలా?

చెప్పొద్దూ, ఆవిడకి ఒక జబ్బుంది. మురికి కంటపడితే చేతులు ఊరుకోవు. తాళంచెవుల గుత్తిని సబ్బునీళ్ళలో నానబెడుతుంది. వచ్చినవాళ్ళు కుర్చీలోంచి లేవకముందే దాని కోళ్ళు తుడుస్తుంది. "మా వదిన నన్ను ఇంకా ఉతకలేదంటే ఆరేసేందుకు చోటు లేకే" అని ఆడపడుచు వేళాకోళం చేస్తుండేది. ఆడపడుచంటే మొగుడి చెల్లెలు. కొట్లోనే ఇస్త్రీ చేస్తుంది. ఆమె చేతిలో పెట్టె ఎంత వేడో, నోరూ అంతే.

ఇక మొగుడు. వీధిలో ఆయన పేరు నిదానం. ఇరవై ఎనిమిదేళ్ళుగా బండి నడుపుతున్నాడు. కుక్క అడ్డం వస్తే ఆగి, అది దాటి, వెనక్కి తిరిగి చూసి, మళ్ళీ మనసు మార్చుకుంటుందేమోనని ఇంకో క్షణం ఆగి కదిలేరకం. ఆయన నడిపిన ఏ బండి మీదా ఇంతవరకు ఒక గీత పడలేదు. పెద్దగా చదువుకోలేదు, మాటకారి కాడు, బేరాలు చేతకావు. ఆ గీత పడకపోవడమే ఆయన ఆస్తి. పెళ్ళిళ్ళలో ఎవరైనా "ఏం చేస్తుంటారు?" అని అడిగితే "బండి నడుపుతా" అని వెన్ను నిటారుగా పెట్టి చెప్పేవాడు.

మూడేళ్ళ క్రితం కొత్త వ్యాను కొన్నారు. తాళాలిచ్చేటప్పుడు షోరూము కుర్రాడు నవ్వుతూ ఒక మాట చెప్పాడు. "మూడేళ్ళ వారంటీ అండీ. ఏం చెడినా మాదే పూచీ. ఒక్కటే షరతు, ముందు బానెట్టు మా మనుషులు తప్ప ఎవరూ ఎత్తకూడదు. బయటివాళ్ళు చెయ్యి పెట్టారా, వారంటీ పోయినట్టే." నిదానం ఆ మాటని వేదవాక్కులా పట్టుకున్నాడు. నూనె చూడాలన్నా, నీళ్ళు పొయ్యాలన్నా షోరూముకే పోయేవాడు.

మరకలక్కకి మాత్రం అది మూడేళ్ళ జైలుశిక్ష. సర్వీసింగుకి వెళ్ళినప్పుడల్లా మూత ఎత్తుతారు కదా, లోపల చూసేది. దుమ్మూ జిడ్డూ కలిసి అంగుళం మందాన పేరుకుపోయి ఉండేది. "ఏవయ్యా, బయటంతా అద్దంలా తుడుస్తావు, లోపల చూస్తే మసిగుడ్డలా ఉంది. ఆస్పత్రి దుప్పట్లు మోసే బండి కదా!" అనేది. "ముట్టుకోకు, వారంటీ పోతుంది" అనేవాడు నిదానం. మూడేళ్ళపాటు ఇదే పాట.

వారంటీ కాగితం బీరువా తలుపుకి లోపలివైపు అంటించి ఉండేది. అది అయిపోయిన రోజు మధ్యాహ్నం నిదానం అన్నం తిని కునుకు తీస్తున్నాడు. ఆడపడుచు పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళింది. మరకలక్క ఆ కాగితం ముందు నిలబడి తారీఖు చదువుకుంది. ఆవిడ లెక్క చాలా సూటిగా ఉంది: ముట్టుకుంటే వారంటీ పోతుందన్నారు, ఆ వారంటీయే పోయింది, ఇక ముట్టుకుంటే పోయేదేముంది? మీరే చెప్పండి, ఆ లెక్కలో తప్పు పట్టగలరా?

బకెట్టు, బ్రష్షు, నిమ్మనూనె కలిపిన సబ్బుపొడి, గొట్టం. గంటన్నర పట్టింది. మూలమూలకీ చెయ్యి పోనిచ్చి, నల్లటి పెట్టెల మీద రుద్ది, వైర్ల కట్టల్ని పిల్లల జడల్లా విడదీసి తోమి, గొట్టం పెట్టి ధారగా కడిగింది. మూడేళ్ళ జిడ్డు నల్లగా కారిపోతుంటే ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. ఆరాక చూస్తే లోపలంతా ధగధగలాడుతోంది. ఆయన ఎప్పుడో మూత ఎత్తుతాడు, చూసి నోరు తెరుస్తాడు, అప్పుడు చెప్దాంలే అనుకుంది. ఆయన ఎత్తలేదు. మూడేళ్ళ అలవాటు, వారంటీ అయిపోయినంత మాత్రాన చెయ్యి ఎలా వస్తుంది?

నాలుగో రోజు కుండపోతగా వాన పడింది. పదో రోజు, ఆస్పత్రి ముందున్న ఎత్తు ఎక్కుతూ ఎక్కుతూ వ్యాను ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. ఎన్నిసార్లు తాళం తిప్పినా ఉలుకూ పలుకూ లేదు. నలభై మూటల దుప్పట్లు ఆటోల్లో దింపి, బండిని లారీ మీద ఎక్కించి షోరూముకి చేర్చారు.

మర్నాడు మొగుడూపెళ్ళాలిద్దరూ వెళ్ళారు. షోరూము సూపర్వైజరు కంప్యూటరులో చూసి, పెదవి విరిచి, "కంట్రోల్ బాక్సు పోయిందండీ. ఇంజనుకి అదే మెదడు. అది మార్చాలి, దానితోపాటు వైరింగు కూడా" అన్నాడు. ఎంతవుతుందో ఒక కాగితం మీద రాసి ఇటు తిప్పాడు. వానాకాలంలో దుప్పట్లు ఆరబెట్టే యంత్రం కొందామని రెండేళ్ళుగా కూడబెట్టినదంతా దానికే పోతుంది, ఇంకా చాలదు.

మరకలక్క ఊరుకునే మనిషా? "ఏం బాబూ, మూడేళ్ళు రాయిలా ఉన్న బండి, వారంటీ దాటిన పదోరోజుకే చచ్చిందంటే, అది పదిరోజుల ముందు నుంచే జబ్బుతో ఉన్నట్టు కాదూ? మనిషైనా పొద్దున మంచాన పడి సాయంత్రానికి పోడు కదా!" అని నిలదీసింది. చుట్టూ ఉన్న నలుగురైదుగురు నవ్వారు.

సూపర్వైజరుకీ నవ్వొచ్చింది. "మీరన్నది నిజమేనమ్మా. ఇలా పదీ పదిహేను రోజుల తేడా ఉంటే పెద్దాఫీసుకి రాస్తాం, సగమైనా భరిస్తారు. కానీ ఇది నీళ్ళ కేసు. బాక్సులోకి నీళ్ళు వెళ్ళాయి. నీళ్ళ కేసులు వాళ్ళు తీసుకోరు. నీళ్ళల్లో నడిపారా?"

గొట్టం, ధార, నల్లటి పెట్టెలు అన్నీ ఒక్కసారిగా మరకలక్క కళ్ళ ముందుకొచ్చాయి.

"నడిపానండీ" అన్నాడు నిదానం.

ఆవిడ చటుక్కున అటు తిరిగింది. నిదానం నేలచూపులు చూస్తూ చెబుతున్నాడు. "ఆ వానరోజు వంతెన కింద నీళ్ళు నిలిచాయి. బోర్డు కూడా పెట్టారు. ఆస్పత్రిలో దుప్పట్లు అయిపోయాయని ఫోను మీద ఫోను. చుట్టూ తిరిగితే అరగంట. పిక్కల్లోతే కదా అని పోనిచ్చాను. తప్పు నాదే."

హమ్మయ్య! అదీ ఆ క్షణాన ఆవిడ మనసులో మెదిలిన మొదటి మాట. దాని వెనకే భయం, భయం వెనకే నోరు. "బోర్డు పెట్టినా కనపడలేదా? కళ్ళు ఇంట్లో పెట్టి వెళ్తున్నావా? ఇరవై ఎనిమిదేళ్ళు నడిపానని డప్పు కొట్టుకోవడం కాదు, ఇదా నడపడం? రెండేళ్ళ కష్టాన్ని బురదనీళ్ళలో కలిపావు కదయ్యా!" అని షోరూము అదిరేలా ఉతికి ఆరేసింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునేవాళ్ళుంటారు. ఈవిడ ఇంకో ఆకు ఎక్కువ చదివింది, పక్కవాడి భుజం తడిమింది. "నిజమే" అన్నాడు నిదానం. అంతే.

డబ్బు కట్టారు. చాలనిదానికి ఆడపడుచు గాజులు తాకట్టుకి వెళ్ళాయి. వారానికి బండి వచ్చింది. సూపర్వైజరు పాడైన పాత బాక్సుని ప్లాస్టిక్ కవరులో పెట్టి ఇచ్చాడు. నిదానం దాన్ని కొట్లో గల్లాపెట్టె పైన అరలో పెట్టాడు. "ఎందుకన్నయ్యా ఆ పీడ?" అంది ఆడపడుచు. "కనపడుతూ ఉండాలమ్మా" అన్నాడు.

బండి వచ్చింది కానీ నిదానం ఎక్కలేదు. దాని తాళం పక్కవీధిలో ఉండే ఒక డ్రైవరు చేతిలో పెట్టాడు. "బాబూ, ఇకనుంచి నువ్వు నడుపు. నాకు అంచనా తప్పింది. నీళ్ళ లోతే తెలియనివాడికి రేపు మనిషి అడ్డం వస్తే తెలుస్తుందా?" అన్నాడు. ఆ డ్రైవరు చెడ్డవాడేం కాదు. చెవిలో ఫోను, నోట్లో ఈల, మలుపు తిరిగితే మూటలన్నీ ఒక పక్కకి. నిదానం కొట్లో కూర్చుని దుప్పట్లు మడతపెట్టడం మొదలెట్టాడు. మడతలు సరిగ్గా రావు. ఆడపడుచు మళ్ళీ విప్పి, ఏమీ అనకుండా మళ్ళీ మడిచేది. ఆమె ఏమీ అనకుండా ఉండటం ఆ కొట్లో ఎప్పుడూ లేని వింత.

"వదినా, సూర్యుడు పడమట పొడిచాడన్నా నమ్ముతా గానీ, అన్నయ్య చేతిలో బండి పాడయిందంటే నాకు నమ్మబుద్ధి కాదు" అంది ఒకరోజు.

"ఆయనే ఒప్పుకున్నాడుగా" అంది మరకలక్క, పెట్టెలో లేని దారాన్ని వెతుకుతూ.

అప్పటికీ ఆవిడ నిజంగానే వంతెన నీళ్ళ మీద భారం వేసుకుని బతుకుతోంది. పిక్కల్లోతు నీళ్ళు ఎక్కడ, మన గొట్టం ధార ఎక్కడ అని రాత్రీపగలూ తనకి తాను చెప్పుకుంటోంది. చివరికి ఉండబట్టలేక, అన్నాచెల్లెళ్ళిద్దరూ కొట్లో లేనప్పుడు ఆ కవరు దించింది. బాక్సు మూత అప్పటికే విప్పి ఉంది. వెలుతురులోకి పట్టుకుని చూసింది.

వంతెన కింద నీళ్ళంటే ఆవిడకి తెలియదా? ఆ నీళ్ళలో తడిసిన ప్యాంట్లు ఎన్ని ఉతికిందో! గోధుమరంగు గీత ఉంటుంది, గరుగ్గా ఇసుక తగులుతుంది, మురుగు వాసన వదలదు. ఇందులో గీత లేదు, ఇసుక లేదు. మూలల్లో తెల్లగా, పొలుసులా ఏదో ఎండి ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంది. గోటితో గీరింది. వేలు తడిచేసి రుద్దింది.

నురగ వచ్చింది.

లోకంలో అందరి మరకలూ చదివిన మనిషికి ఇది చదవడం ఎంతసేపు? నిమ్మనూనె వాసన వేలికి అంటుకుంది. అక్కడే గోనెసంచుల మీద కూలబడి, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది.

చెప్పేయాలి కదా? చెప్పేద్దామనే లేచింది. నిదానం వచ్చి, "ఏంటి, కళ్ళు ఎర్రగా ఉన్నాయి? బ్లీచింగు ఘాటా? కాసేపు బయట కూర్చో, నేను చూస్తాలే" అన్నాడు. అంత మంచిగా మాట్లాడే మనిషికి ఆ మాట ఎలా చెప్పడం? తిట్టి ఉంటే చెప్పేసేది. మర్నాడు చెప్దామనుకుంది. మర్నాడు ఆస్పత్రి మూటలు రెండింతలు వచ్చాయి. ఆ మర్నాడు, పోయిన డబ్బు చెప్తే తిరిగొస్తుందా, ఎందుకు రచ్చ అనిపించింది. తర్వాత్తర్వాత చెప్పకపోవడమే ఒక పెద్ద తప్పయి కూర్చుంది, అసలు తప్పు దాని కింద ఎక్కడో అణిగిపోయింది. మనిషి చిక్కిపోయింది. ఒకరోజు తెల్ల దుప్పట్లలో ఎర్ర తువ్వాలు వేసి తిప్పేసింది. ఇరవై రెండేళ్ళలో అలాంటి పొరపాటు చేసి ఎరగదు.

బాక్సు చూసిన తొమ్మిదో రోజు ఉదయం నిదానం ఒక కాగితం తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు. ఆస్పత్రి గేటు పాసు మార్పించే ఫారం. ఇన్నేళ్ళూ ఆ పాసు మీద ఆయన ఫోటోనే ఉంది. ఇప్పుడు కొత్త డ్రైవరు పేరు మీదికి మార్చాలట, లేకపోతే రోజూ గేటు దగ్గర ఆపేస్తున్నారట. కొట్టు ఆవిడ పేరు మీద ఉంది కాబట్టి ఆవిడే సంతకం పెట్టాలి.

"నేను అన్నీ నింపేశాను. కింద సంతకం పెట్టు చాలు" అన్నాడు. కొత్త డ్రైవరు గుమ్మం దగ్గర నిలబడి ఈల వేస్తున్నాడు.

మరకలక్క కలం తీసి, కాగితం చదివింది. డ్రైవరు మార్పుకి కారణం అని ఒక గడి ఉంది. అందులో నిదానం గుండ్రటి అక్షరాలతో, పలక మీద రాసినట్టు పొందిగ్గా రాశాడు: "పాత డ్రైవరు నిర్లక్ష్యం వల్ల బండి చెడిపోయినది."

ఆ "నిర్లక్ష్యం" అన్న మాటలో వత్తు దగ్గర ఒకసారి కొట్టేసి దిద్దుకున్నాడు. తప్పు రాయకూడదని జాగ్రత్తపడ్డాడన్నమాట. సంతకం పెట్టే చోటికి కలం వెళ్ళింది, ఆగింది. మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ ఆగింది.

"ఏం, కలం రాయట్లేదా?" అన్నాడు నిదానం.

ఆవిడ పైకి జరిగి, ఆయన రాసిన వరసని అడ్డంగా కొట్టేసింది. దాని కింద చోటు లేక, పక్కన అంచు మీద, వంకర అక్షరాలతో రాసింది. కాగితం ఆయన వైపు తోసి, తల వంచుకుంది.

నిదానం కళ్ళద్దాలు పెట్టుకుని చదివాడు. "కొట్టు ఓనరు సబ్బునీళ్ళతో ఇంజను ఉతికింది. డ్రైవరు తప్పేమీ లేదు."

మొదటిసారి అర్థం కాలేదు. రెండోసారి పెదాలు కదుపుతూ చదివాడు. ఆవిడ అరలోంచి బాక్సు దించి, వేలు తడిచేసి, రుద్ది చూపించింది. ఇస్త్రీబల్ల దగ్గర ఆడపడుచు పెట్టె పక్కన పెట్టేసింది.

"ఎప్పుడు ఉతికావు?"

"వారంటీ అయిపోయిన రోజు."

"ఇది నీవల్లేనని ఎప్పుడు తెలిసింది నీకు?"

"తొమ్మిది రోజులైంది. బాక్సు తీసి చూశాను."

నిదానం కళ్ళద్దాలు తీశాడు. ఆయన గొంతు పెంచడం ఆ కొట్లో ఎవరూ ఎరగరు. ఇప్పుడూ పెంచలేదు. "ఇంజను ఉతికావు, సరే. నువ్వు ఉతక్కపోతే ఆశ్చర్యం. డబ్బు పోయింది, సరే. తొమ్మిది రోజులు నేను ఇక్కడ కూర్చుని దుప్పట్లు మడతపెడుతున్నాను. నా చేతులు నాకే పరాయివి అనిపించాయి. చూస్తూ ఎలా ఊరుకున్నావే?"

"తప్పయిపోయింది" అంది ఆవిడ. ఆ నోట ఆ మాట రావడం పెళ్ళయ్యాక అదే మొదలు. "అందరి ముందూ నిన్ను నోటికొచ్చినట్టు తిట్టాను. తప్పు నాది, తిట్లు నీకు. నన్నేమన్నా అను, పడతాను."

నిదానం గుమ్మం దగ్గరికి వెళ్ళి చెయ్యి చాపాడు. డ్రైవరు ఈల ఆపేసి, తాళం ఆయన చేతిలో పెట్టి, "నేను రేపట్నుంచి రావాలా, వద్దా అన్నా?" అన్నాడు. "ఈ నెల జీతం తీసుకో నాయనా, మూటలెత్తడానికి రా" అంది ఆడపడుచు ఇస్త్రీబల్ల దగ్గర్నుంచి, కళ్ళు తుడుచుకుంటూ.

బయట వ్యాను హారను మోగింది. ఒకసారి కాదు, ఆగకుండా. మరకలక్క పరిగెత్తుకెళ్ళింది.

"ఎక్కు. దుప్పట్లు దింపాలి" అన్నాడు ముందుకు చూస్తూ. "దారిలో నాతో మాట్లాడకు."

మాట్లాడలేదు. మలుపుల్లో మూటలు కదల్లేదు. ఆస్పత్రి గేటు దగ్గర కాపలావాడు పాసు చూసి, "ఏంటి నిదానంగారూ, మీరు మానేశారన్నారే? బండి నీళ్ళల్లో దింపి పాడుచేశారట కదా?" అన్నాడు.

నిదానం నోరు విప్పేలోపు మరకలక్క కిటికీలోంచి సగం బయటికి వంగింది. "ఆయన కాదు బాబూ, నేను! ఇంజను మురికిగా ఉందని సబ్బుపెట్టి నేనే ఉతికేశాను. ఆయన చేతిలో బండికి ఏనాడూ ఏమీ కాలేదు!" గేటు దగ్గర క్యూలో ఉన్నవాళ్ళందరూ తిరిగి చూశారు. ఎవరో పకపకా నవ్వారు. "ఇంజనుకి గంజి కూడా పెట్టావా అక్కా?" అన్నాడు ఒకడు.

"చాల్లే, ఊరంతా చాటక్కర్లేదు" అన్నాడు నిదానం. దారిలో మాట్లాడొద్దన్న మాట ఆయనే మర్చిపోయాడు.

"చాటాలి. తిట్టింది అందరి ముందేగా, చెప్పేది చాటుగానా?" అంది ఆవిడ. ముక్కు చీదుకుంటోంది, మొహం కందిపోయి ఉంది.

నిదానం గేరు వేశాడు. మెల్లిగా అన్నాడు:

"అయితే షోరూము ఇంకా మిగిలింది."

"పద. ఇవి దింపేసి అక్కడికే పోదాం."